టెక్ సందేహాలు: చిప్ పోయిందని ఎవరన్నారు మాస్టారూ?

మామూలుగా ఇక్కడికి ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందనో, వాట్సాప్ బ్యాకప్ రావడం లేదనో రాస్తారు. ఈసారి కావలి, ఒంగోలు, నెల్లూరు నుంచి వచ్చిన మూడు సందేహాలూ సెల్‌ఫోన్ మన ఊళ్లకు రాకముందు నాటివి. ఫోన్ల వాళ్లు ఒక్క వారం ఓపిక పట్టాలి.

నేను రిటైరైన లెక్కల మాస్టారిని. స్కూల్లో పాత సామాన్లు వేలం వేస్తుంటే బీబీసీ మైక్రో కంప్యూటరు, ఫ్లాపీ డ్రైవు కొన్నాను. స్టార్ క్యాట్ అని కొడితే ఫైళ్ల పేర్లన్నీ వస్తున్నాయి. ఏ ఫైలు తెరవబోయినా ‘డిస్క్ ఫాల్ట్ 18’ అంటోంది. డ్రైవును నడిపే డిస్క్ కంట్రోలర్ చిప్ 8271 పోయిందని మెకానిక్ అన్నాడు. అది దొరకడం లేదు, 8272 దొరుకుతోంది. పెట్టొచ్చా? (కావలి)

పెట్టొద్దు. నంబర్లో ఒక్క అంకె తేడాయే కదా, రెంటికీ 40 కాళ్లే కదా అనుకుంటాం. కానీ 8272 వేరే వంశం. ఐబీఎం పీసీలో వాడిన ఎన్‌ఈసీ 765కి అది తోడబుట్టింది. ఏ కాలు ఏ పని చేస్తుందో, ఏ ఆజ్ఞకు ఎలా బదులిస్తుందో అన్నీ వేరు.

అసలు మీ చిప్ పోయిందని నాకు అనిపించడం లేదు మాస్టారూ. 18 అంటే ‘అడిగిన సెక్టార్ (డిస్క్ మీది చిన్న ముక్క) కనబడలేదు’ అని 8271 స్వయంగా చెప్పే మాట. చచ్చిన చిప్ ఇంత వివరంగా జవాబు చెప్పదు. పైగా పేర్లు వస్తున్నాయంటే అది చదవగలుగుతోంది కూడా. ఈ డిస్కుల్లో ఫైళ్ల పట్టిక మొత్తం సున్నా ట్రాక్‌లోనే, అంటే మొట్టమొదటి గుండ్రటి వరసలోనే ఉంటుంది. సున్నా చదివి, ఆ తర్వాతవి చదవలేకపోతోందంటే నా అనుమానం డ్రైవు వెనకున్న చిన్న స్విచ్ మీద. కొన్ని డ్రైవులకు 40/80 అని ఒక మీట ఉంటుంది. 40 ట్రాకుల్లో రాసిన డిస్కును 80లో పెట్టి చదివితే తల (డిస్కును చదివే హెడ్) సగం సగం అడుగులు వేస్తుంది. మొదటి ట్రాక్ రెంటికీ ఒకచోటే కాబట్టి పేర్లు చక్కగా వస్తాయి, ఆపైన అన్నీ ఫాల్టే. ముందు ఆ మీట మార్చి చూడండి. తర్వాత దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది హెడ్ తుడవండి. అప్పటికీ కుదరకపోతే చిప్‌ను సాకెట్ లోంచి తీసి మళ్లీ నొక్కండి. మన సముద్రపు గాలికి కాళ్లు నల్లబడి కాంటాక్ట్ పోవడం మామూలే. తీసేటప్పుడు చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి ఈ కొస, ఒకసారి ఆ కొస లేపుతూ రండి. ఒకే వైపు లేపితే కాళ్లు వంకర పోతాయి. చిప్ కొసన ఉండే గాటు ఎటువైపు ఉందో ముందే ఫోటో తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. పవర్ సప్లై లోపల కరెంటు వచ్చే దగ్గర, పసుపు ఛాయ పారదర్శక పెంకులో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వయసుకి ఆ పెంకు నెర్రెలు విచ్చి, చెమ్మ పీల్చి, 230 వోల్టుల మీద ఒకరోజు ఢామ్మని పేలి ఇల్లంతా పొగ నింపుతాయి. మంటలు రావడం అరుదే గానీ వాసన మాత్రం మూడు రోజులు పోదు. ఇక ఆన్ చేయకుండా ముందు వాటిని తెలిసినవాళ్లతో మార్పించండి.

అన్నీ చేశాక చిప్ నిజంగానే పోయిందని తేలితే అప్పుడు రెండు దారులున్నాయి. 8271 మొదటినుంచీ కరువు చిప్పే. అందుకే తయారీదారు ఏకార్న్ కంపెనీయే తర్వాత వెస్టర్న్ డిజిటల్ 1770కి మారింది. 1985 నాటి బీ ప్లస్ మోడల్లో అదే ఉంది. పాత మోడల్‌కి 8271 సాకెట్లో గుచ్చే చిన్న బోర్డు మీద 1770 పెట్టి ఇచ్చేవారు. అయితే చిప్ ఒక్కటీ మారిస్తే చాలదు, దాని భాష తెలిసిన డీఎఫ్ఎస్ రోమ్ (డిస్కును నడిపే ప్రోగ్రామ్ ఉన్న చిప్) కూడా మారాలి. ఇది మరిచిపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. రెండో దారి, కంట్రోలర్‌ను అసలు పట్టించుకోకుండా యూజర్ పోర్టుకి ఎస్‌డీ కార్డు తగిలించి ఎంఎంఎఫ్ఎస్ అనే రోమ్‌తో నడపడం. మనవడికి ఆటలు చూపించడమే పనైతే నేను ఇదే చేస్తాను. చాలామంది కొనే గోటెక్ పెట్టె ఇక్కడ పనికిరాదు. అది డ్రైవుకి బదులు, కంట్రోలర్‌కి కాదు.

చిప్ ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం జాగ్రత్త. నేను ఒకసారి మూడు 1770లు తెప్పించాను. మూడూ కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. గోళ్ల రంగు తుడిచే ద్రవం దూదికి అద్ది రుద్దితే ఒకదాని మీది అక్షరాలు నల్లగా దూదికి అంటుకున్నాయి, అడుగున వేరే నంబరు బయటపడింది. అమ్మినవాడు మెసేజ్‌కి బదులివ్వలేదు. అందుకే ఇప్పుడు పైన, కింద రెండు వైపులా ఫోటో అడుగుతాను. నాలుగంకెల తేదీ కోడ్ చూస్తాను. 8437 అంటే 1984లో 37వ వారం. అలాంటి పాత చిప్ మీద 2110, అంటే 2021 నాటి కోడ్ లాంటిది కనిపిస్తే అక్కడే వదిలేయడం మేలు. నేరుగా చూసి కొనాలంటే నెల్లూరు నుంచి రైల్లో మూడు గంటలు, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్. దొరుకుతుందని హామీ లేదు గానీ, చేత్తో పట్టుకుని చూడొచ్చు.

అన్నట్టు, 1984లో కేంద్రం స్కూళ్లలో కంప్యూటర్ చదువుకి క్లాస్ అనే పథకం పెట్టి తెప్పించినవి ఈ బీబీసీలే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వీటినే ఎస్‌సీఎల్ యూనికార్న్ పేరుతో చేసింది. మీ పెట్టె మీద ఏ పేరుందో చూసి రాయండి.

నాన్నగారి పొగాకు ఆఫీసులో పాత కంప్యూటరుంది. సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్‌డిస్క్, దాని కంట్రోలర్ కార్డు, రెండు రిబ్బన్ కేబుళ్లు. పాత ఇనుము వాళ్లు కిలో లెక్కన అడుగుతున్నారు. పారెయ్యాలంటే మనసు రావట్లేదు. ఎవరికివ్వాలి? లెక్కలు పోవాలంటే డాస్‌లోని డీబగ్ ప్రోగ్రామ్‌లో ‘జీ=సీ800:5’ కొట్టమని స్నేహితుడు చెప్పాడు. (ఒంగోలు)

ఆ ఆజ్ఞ ఇప్పుడే కొట్టకండి. అది చాలా కార్డుల్లో లో-లెవెల్ ఫార్మాట్, అంటే డిస్కును అడుగు నుంచీ కొత్తగా గీయడం మొదలుపెడుతుంది. లెక్కలు పోతాయి, నిజమే. నాన్నగారి చేతి పని ఒకసారి చూడాలని రేపు అనిపిస్తే మాత్రం దారి ఉండదు. డిస్క్ మొత్తం 20 ఎంబీ, అంటే మీ ఫోన్లో నాలుగైదు ఫోటోలంత. బీగిల్‌బోన్ అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఎంఎఫ్‌ఎం డిస్కులు (మీలాంటి పాత తరం హార్డ్‌డిస్కులు) చదివే పరికరం ఉన్నవాళ్ల చేత మొదట కాపీ తీయించండి. ఆ తర్వాత తుడవడం మీ ఇష్టం.

ఇచ్చేటప్పుడు డిస్కునూ కార్డునూ విడదీయొద్దు. ఐబీఎం పీసీల్లో మొదటి రోజుల ఎక్స్‌టీ తరం ఎనిమిది బిట్ల కార్డులు ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఫార్మాట్ చేసేవి. ఒక కార్డు రాసింది ఇంకో కార్డుకి చదవరాదు. కార్డు కింద బంగారు పళ్ల వరస ఒకటే ఉంటే అది ఆ తరందే. రెండు ముక్కలుగా ఉంటే దాని తర్వాతి 16 బిట్ల ఏటీ తరం. అవి చాలావరకు ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి. కేబుళ్లూ దాచండి. 34 తీగలది అచ్చం ఫ్లాపీ కేబుల్లా ఉంటుంది గానీ మెలిక వేరే తీగల్లో పడుతుంది, తారుమారైతే డిస్క్ పలకదు. 20 తీగలది డేటాకి.

కదిలించే ముందు ఒక్క పని చేయండి. ఎస్‌టీ-225 ఆపితే తలను తనంతట తాను పక్కకు పెట్టుకోదు. తలను పక్కకు పెట్టే పార్క్ ప్రోగ్రామ్ నడిపి ఆపి, ఆ తర్వాతే ఎత్తండి. ఆర్టీసీ కార్గోలో వేసే ముందు కార్డును యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టండి. వంటింటి ప్లాస్టిక్ కవర్ వద్దు.

ఎవరికంటే, పాత మెషిన్లు బాగుచేసే హాబీ వాళ్లకు. ప్రకటనలో చిప్‌ల మీది నంబర్లు రాయండి, రెండు వైపులా ఫోటో పెట్టండి. ‘పనిచేస్తుంది’ అని ఊరికే రాయకండి. ‘పూర్తిగా పరీక్షించలేదు’ అని రాస్తే కొనేవాళ్లు ఇంకా నమ్ముతారు. ఇనుము వాళ్లకు కావలసింది ఆ బంగారు పళ్లే. గీసుకుని మిగతాది పారేస్తారు.

మావాడు పాత కార్డు మీది చిప్‌కి ఉన్న స్టిక్కర్ పీకేశాడు. లోపల గాజు కిటికీ కనబడుతోంది. ప్రమాదమా? (నెల్లూరు)

అది ఈప్రామ్, అంటే ప్రోగ్రామ్ దాచి ఉంచే చిప్. వెలుతురు లోపలికి పోతే ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. ట్యూబ్‌లైట్ కింద అయితే ఏళ్లు పడుతుంది, నేరుగా ఎండలో వారం చాలు. రెండు రోజులు గదిలో ఉన్నా ఏమీ కాదు, టెన్షన్ పడకండి. ప్రోగ్రామర్ ఉన్నవాళ్ల దగ్గర ఒక కాపీ తీయించి, నల్ల టేపు వేసి దానిమీద పాత స్టిక్కర్ నంబరే రాయండి. పిల్లాణ్ని తిట్టొద్దు. కిటికీ కనిపిస్తే తొంగిచూడకుండా ఎవరుంటారు?