అల్లుడూ, ఆ వైరు కొనేముందు ఓసారి చూడకుండా విను

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. మధ్యలో అడ్డు తగలడం ఎందుకని ఊరుకున్నాను గానీ పొద్దున్న కాఫీ తాగుతుంటే మళ్ళీ అదే గుర్తొచ్చింది, అందుకే కూర్చుని రాస్తున్నా. షోరూమ్ కుర్రాడు ముందు యాంపు నుంచి స్పీకర్‌కి మామూలు వైరు పెట్టి ఓ పాట వేశాడు, తర్వాత 40 వేల రూపాయల వైరు తగిలించి అదే పాట మళ్ళీ పెట్టాడు, రెండోసారి పాడేవాడి నోటికి అడ్డంగా ఉన్న దుప్పటి తీసేసినట్టు వినిపించింది అన్నావు. నీకలా వినిపించలేదని నేననను, వినిపించే ఉంటుంది. నేనడిగేదల్లా ఒక్కటే. ఆ రెండోసారి వాడు వాల్యూమ్ నాబ్ ఎంతవరకు తిప్పాడు? నువ్వు చూసి ఉండవు, నీ కళ్ళన్నీ ఆ వైరు మీదే ఉండి ఉంటాయి. వాడు మోసగాడని కూడా అనక్కర్లేదురా. వైరు మార్చేటప్పుడు ఎవరైనా వాల్యూమ్ తగ్గిస్తారు, మళ్ళీ పెంచేటప్పుడు వెంట్రుకవాసి ఎక్కువ తిరిగినా చాలు.

సౌండ్ అర డెసిబెల్ పెరిగితే మన చెవికి అది సౌండ్ పెరిగినట్టు అనిపించదు. "క్లియర్‌గా ఉంది", "బేస్ నిండుగా ఉంది" అనిపిస్తుంది. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ సరిగ్గా ఆనదు, పెంచేకొద్దీ అది పైకి వస్తుంది, ఈ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి గీతలు గీసి పెట్టారు. దానికి తోడు వైరు మార్చడానికి రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది కదా, ఓ సౌండ్‌లోని సన్నని తేడాలు చెవిలో నిలిచేది కొన్ని సెకన్లే. ఆ తర్వాత నువ్వు పోల్చింది సౌండ్‌ని సౌండ్‌తో కాదు, నీకు గుర్తున్నదానితో.

ఇదంతా పెద్ద తెలిసినవాడిలా చెప్తున్నానని అనుకుంటున్నావేమో, నా బండారం కూడా చెప్తా విను. రాజమండ్రిలో షాపు పెట్టిన కొత్తల్లో ఈఎల్34 వాల్వులతో, అవే పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టాలు, సొంతంగా ఒక యాంప్లిఫయర్ కట్టాను. దాని గొంతు ముందు ట్రాన్సిస్టర్ యాంపులు డబ్బారేకు అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడిని. మా ఫ్రెండొకడు, బ్యాంకులో క్యాషియరు, సౌండ్ గురించి ఓనమాలు రానివాడు, సరే అయితే పందెం అన్నాడు. యాంపులు రెండూ కర్టెన్ వెనక పెట్టించాడు. మాండలిన్ శ్రీనివాస్ కచేరీ కేసెట్ వేసి, నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే, వాడు అవతల నుంచి టక్ మని స్విచ్ నొక్కి "ఇప్పుడు?" అనేవాడు. నేను తల ఊపుతూ "ఆఁ, ఇది నాది, తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తోంది చూడు" అనేవాడిని. మళ్ళీ టక్. "ఇదిగో, ఎండిపోయింది." ఇరవై నిమిషాలు ఇదే వరస. చివర్లో కర్టెన్ తీశాడు. వాడు నొక్కుతున్నది దేనికీ తగిలించని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద స్విచ్. నా వాల్వు యాంపు ప్లగ్గు నేలమీద పడి ఉంది. మొదటి నుంచీ మోగింది ఆ ట్రాన్సిస్టర్ యాంపు ఒక్కటే!

నెల రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. నాకు నిజంగా తేడా వినిపించిందిరా, అదే నా బాధ.

మనలాంటి వాళ్ళకే కాదు, ఆ రంగంలో ఉన్నవాళ్ళకీ ఇదే జరిగింది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అని, స్పీకర్లు తయారుచేసే హార్మన్ కంపెనీలో పనిచేసేవాళ్ళు తమ కంపెనీ ఉద్యోగులనే 40 మందిని కూర్చోబెట్టి కొన్ని స్పీకర్లు తెర వెనక నుంచి ఒకసారి, ఎదురుగా కనపడేట్టు ఒకసారి వినిపించి మార్కులు వెయ్యమన్నారు. కళ్ళకి కనపడగానే పెద్ద స్పీకర్లకి మార్కులు పెరిగాయి, తెర వెనక బాగానే మోగిన చిన్న, చవక సెట్టుకి తగ్గిపోయాయి. ఇంకోటి, నువ్వు నెలనెలా డబ్బు కడుతున్న ఆ హై రిజల్యూషన్ పాటల సంగతి. 2007లో మేయర్, మోరాన్ అనేవాళ్ళు రాసినది వెతుక్కుని చదువు. హై రిజల్యూషన్ డిస్కు నుంచి వచ్చే సౌండ్‌ని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి కుదించి ఒకసారి వినిపించారు. 554 సార్లు అడిగితే సరిగ్గా చెప్పింది 276 సార్లు. బొమ్మా బొరుసా వేసినా అంతే వస్తుంది. పాటలో నిశ్శబ్దంగా ఉన్నచోట వాల్యూమ్ బాగా పెంచితే మాత్రం సీడీ వైపు సన్నని బుస వినపడింది, అది కూడా దాచకుండా రాశారు.

అలాగని అన్నీ ఒక్కటే అనేవాళ్ళ గుంపులో నన్ను కలపొద్దు. స్పీకర్లలో తేడా మీ అమ్మ కూడా వంటింట్లోంచి చెప్పేస్తుంది. వాల్వు యాంపుల్లో కొన్ని నిజంగానే వేరుగా మోగుతాయి, అందులో మాయేం లేదు. స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని రాసి ఉన్నా, కరెంటుకి అది పెట్టే అడ్డు ఒక్కో స్వరానికి ఒక్కోలా, ఒకచోట 4కి దిగుతుంది, ఇంకోచోట 30 దాకా ఎగబాకుతుంది. వాల్వు యాంపు ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే దాని లోపలి అడ్డు, 2 ఓమ్స్ ఉందనుకో, ఆ ఎగుడుదిగుళ్ళని బట్టి సౌండ్ రెండు మూడు డెసిబెల్స్ అటూ ఇటూ అవుతుంది, అది బాగా వినపడే తేడానే. చిన్న యాంపుని దాని శక్తికి మించి మోగిస్తే గొంతు పగులుతుంది, అదీ వినపడుతుంది. అన్నింటికన్నా ఎక్కువగా నేను చూసింది ప్లస్సూ మైనస్సూ తారుమారు చెయ్యడం. ఒక స్పీకర్‌కి వైరు తిరగేసి పెడితే బేస్ మాయమైపోతుంది. ఖరీదైన వైరు పెట్టాక బేస్ వచ్చిందని మురిసిపోయిన ఒకాయన ఇంటికి వెళ్ళి చూస్తే, పాత వైరు ఉన్నన్నాళ్ళూ తిరగేసి ఉంది.

వైరు లెక్క మాత్రం తేల్చేద్దాం. ఇంట్లో కరెంటు పనికి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్ల దూరానికి, రానూపోనూ 10 మీటర్లు, దాని రెసిస్టెన్స్ దాదాపు 0.07 ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్ ముందు దానివల్ల పోయేది డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. కోఠీ గుజరాతీ గల్లీలో మీటర్ల లెక్కన దొరుకుతుంది, ఓ ఆదివారం వెళ్ళి తెచ్చుకో.

నా మాట నమ్మొద్దు, ఇంట్లోనే తేల్చుకో. అదే గల్లీలో డీపీడీటీ టాగుల్ స్విచ్ అడుగు, అంటే రెండు తీగల్నీ ఒకేసారి అటూ ఇటూ మార్చేది, మధ్యలో ఆఫ్ ఉండేది, 10 ఆంపియర్లది. ఒక్క స్పీకర్ మీద మోనోలో చెయ్యి, వైరింగ్ సగం తగ్గుతుంది, చెవికి తేడా కూడా అందులోనే ఇంకా బాగా పట్టుబడుతుంది. రెండు వైర్లని పోల్చాలంటే స్పీకర్ వైపు రెండూ కలిపే ఉంచి యాంపు వైపు స్విచ్ పెట్టు. రెండు యాంపులైతే మాత్రం జాగ్రత్త. ప్లస్సూ మైనస్సూ రెండూ స్విచ్‌లోంచే వెళ్ళాలి, రెండు యాంపుల ఔట్‌పుట్లు ఒకదానికొకటి తగిలాయంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి, తర్వాత నా దగ్గరకే తెస్తావు. అందులో వాల్వు యాంపు ఉంటే దాన్ని లోడు లేకుండా వదలొద్దు, స్పీకర్ లేనప్పుడు 8 ఓమ్స్ పెద్ద వాటేజి రెసిస్టర్ తగిలి ఉండేట్టు చూసుకో.

ఇక సౌండ్ సమానం చెయ్యడం, అసలు పని ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ఫోన్లో 400 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ ఏసీలో పెట్టి చూడు. ఒకదాని మీద 2.83 వోల్టులు వస్తే రెండోదాని మీదా అంతే రావాలి, 0.03 వోల్టులు దాటి తేడా ఉండకూడదు. చెవితో సమానం చేశానంటే ఒప్పుకోను.

తర్వాత స్విచ్ నీ రూమ్మేట్‌కిచ్చి కర్టెన్ వెనక కూర్చోబెట్టు. వాడి మొహం నీకు కనపడకూడదు, ఏది మోగుతోందో వాడికి తెలుసు కాబట్టి కళ్ళలోనే జవాబు దొరికేస్తుంది. ముందు ఏది ఏదో చెప్పి నీకిష్టమైనన్ని సార్లు వినిపించమను. ఆ తర్వాత వాడు నాణెం ఎగరేసి ఏది పడితే అది పెడతాడు, నువ్వు కాగితం మీద రాసుకుంటావు. 16 సార్లు. బాగా తెలిసిన పాటలోంచి పది సెకన్ల ముక్క చాలు, చెవి అలిసిపోతే లేచి టీ తాగి రా, ఒకే పూట అవ్వాలని రూలేం లేదు. 16లో 12 కన్నా తక్కువ వస్తే ఆ డబ్బు జేబులోనే ఉంచుకో. ఊరికే గుడ్డిగా చెప్పినా 12గానీ అంతకన్నా ఎక్కువగానీ వచ్చే అవకాశం నూటికి 4 లోపే, కాబట్టి 12 వచ్చిందంటే నేనే నోరు మూసుకుంటాను. 8 వస్తే ప్రపంచంలో ఎవరికీ తేడా తెలియదని రుజువైనట్టు కాదు, ఆ రోజు నీకు తెలియలేదు, అంతే. కొనేది నువ్వే కదా మరి.

నా చెవుల మాట అడక్కు. పాత టీవీలు లోపల 15,625 హెర్ట్జ్ దగ్గర సన్నగా కూసేవి, షాపు బయట నిలబడి ఏ టీవీ ఆన్‌లో ఉందో చెప్పేసేవాడిని. మొన్న ఫోన్లో 12,000 హెర్ట్జ్ పెడితే మనవడు చెవులు మూసుకున్నాడు, నాకేమో ఫోన్ పాడైందేమో అనిపించింది. ఆ షోరూమ్ ఓనరు గారికీ నా వయసే అన్నావు.

ఆ 40 వేలు ఖర్చు పెట్టి తీరాలంటే మంచి స్పీకర్ల కోసం దాచు. పైసా ఖర్చు లేనిది ఇంకోటుంది, నీ గది 10కి 12 అడుగులు కదా, 47, 56 హెర్ట్జ్ దగ్గర బేస్ ఒకచోట గుమ్మని నిండి ఇంకోచోట లేకుండా పోతుంది. స్పీకర్ మూలలోంచి అడుగు ముందుకు లాగు, మంచం అటు జరుపు, గదిలో మారుమోత తగ్గడానికి గోడకి పాత బొంత ఒకటి వేలాడదియ్యి. ఆ తేడా వినడానికి కర్టెన్లు అక్కర్లేదు.

స్విచ్ కొనకపోయినా పర్లేదు, నా పాత స్విచ్ బాక్సు అటక మీద ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. దాని స్విచ్ ఎడం వైపు కాస్త గట్టిగా పడుతుంది, ఆ చప్పుడు వింటే ఏది ఏదో తెలిసిపోతుంది. అందుకని నీ రూమ్మేట్‌ని ప్రతిసారీ అటూ ఇటూ రెండు మూడు సార్లు ఆడించి అప్పుడు ఆపమను.

మీ మామయ్య