ఆ రాయి ఏమైంది?

చిరంజీవికి ఆశీస్సులు.

సముద్రపు ఒడ్డు రాళ్ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. నీ వాక్యం బాగుంది, ఆ దిగులు నీకక్కర్లేదు. నాకు చికాకు పుట్టించింది మూడో పేజీ. విశాఖలో తెన్నేటి పార్కు కింద సముద్రం నీళ్లు వెనక్కి తగ్గిన వేళ ఒక రాయి తిరగేశావు. అడుగున "మరో ప్రపంచం" కనిపించింది. వెంటనే అమ్మమ్మ గుర్తొచ్చింది, ఆ తర్వాత పేజీన్నర జీవితం గురించే. ఇంతకీ ఆ రాయి ఏమైంది? మళ్లీ ఉన్నచోట ఉన్నట్టే బోర్లించావా, అలాగే వదిలేసి వచ్చావా?

రాతి అడుగున బతికేవి తడికీ చీకటికీ అలవాటు పడ్డవి. వెల్లకిలా వదిలేస్తే మన విశాఖ ఎండకి అక్కడే మాడిపోతాయి. పైనున్న నాచు కిందపడి వెలుతురు లేక చస్తుంది. రాయిని తిరిగి పెట్టడం చేతకాని మనిషి దాని గురించి రాయకూడదనే నేనంటాను. చాదస్తం అనుకో, ఫర్వాలేదు.

"ఏవేవో జీవులు" అన్నావు. ఏవేవి? సన్నటి చేతులు మెలితిప్పుతూ నీడలోకి జారుకున్నది బ్రిటిల్ స్టార్ అయ్యుంటుంది, నక్షత్ర చేపకి చుట్టం. గట్టిగా పట్టుకుంటే చెయ్యి తెంపుకుని పోతుంది, తర్వాత మళ్లీ మొలిపించుకుంటుంది. "చచ్చిన జిగురు ముద్ద" అని నువ్వు తేల్చేసింది, నీళ్లు లేక ముడుచుకున్న సీ అనిమోన్ కావచ్చు, పువ్వులా కనిపించే జంతువు. పోటు వచ్చేదాకా ఆగితే విచ్చుకునేది. నీ కాలు గీరిన ఆ "గరుకు" బార్నకిల్స్. పీతలకీ రొయ్యలకీ చుట్టాలవి. తల రాతికి అంటించుకుని, కాళ్లతో నీళ్లలోంచి తిండి లాక్కుంటాయి. డార్విన్ అంతటివాడు 1846 నుంచి 1854 దాకా వాటినే పట్టుకుని కూర్చున్నాడు. నువ్వేమో సినిమాకి టైమైందని లేచి వచ్చేశావు. నువ్వే రాశావు అది!

నేను గుమాస్తా పని చేసే రోజుల్లో ఆదివారాలు జోడుగుళ్లపాలెం రాళ్ల మీదే గడిచేవి. కొనడానికి పుస్తకాల్లేవు. జువాలజీ చదివే కుర్రాడొకడు తన నోట్సు ఇస్తే రాత్రిళ్లు కూర్చుని ఎత్తి రాసుకునేవాణ్ణి. అలా రాసిన వ్యాసంలో పేర్లన్నీ ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేశాడు. "పాఠకుడికి అనుభూతి కావాలండీ, సైన్సు పాఠం కాదు" అన్నాడు. పైగా "సాగర గీతం" అని శీర్షిక తగిలించాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇప్పుడూ అదే ఫ్యాషన్, కాకపోతే పక్కన ఫొటో ఒకటి పెడుతున్నారు.

అమ్మమ్మని వేరే కథకి దాచుకో. అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూగా వెళ్లు, నీళ్లు ఒడ్డు వదిలి బాగా వెనక్కి పోతాయి. నీళ్లు తగ్గే ఆ వేళ రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది, చూసుకుని బయల్దేరు. ఒక్క రాయి చాలు. నెమ్మదిగా ఎత్తు, ఏది ఎటు పరిగెత్తిందో, ఏది కదలకుండా ఉండిపోయిందో చూడు. రాయి మళ్లీ బోర్లించాక రాసుకో. బూట్లు వేసుకుని వెళ్లు, సముద్రానికి వీపు పెట్టి మాత్రం వంగకు. రాసింది టైపు చేయించనక్కర్లేదు, చేతిరాతలోనే పంపు.