పాత సైనిక బూట్లు కొనేముందు సోల్ చూడండి
వాడేసిన జర్మన్ సైన్యం లెదర్ బూట్లు కొనొచ్చా, బిరుసెక్కిన తోలు మళ్లీ మెత్తబడుతుందా అని అడిగారు. మెత్తబడుతుంది, నిక్షేపంగా కొనండి. కానీ ముందు సోల్ చూడండి. పాలీయురిథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్ సోల్ బీరువాలో ఊరికే ఉన్నా గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపల చివికిపోతుంది. గోరుతో నొక్కితే పొడి రాలిందా, వదిలేయండి. కుట్టిన రబ్బరు సోల్ అయితే మంచి పనివాడు మార్చేస్తాడు. 270/105 లాంటి అంకెలుంటే అవి మిల్లీమీటర్లలో పాదం పొడవు, వెడల్పు.

లేసులు తీసి, శాడిల్ సబ్బుతో (తోలు శుభ్రం చేసే సబ్బు) పాత పాలిష్ కడిగి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టారో, పగుళ్లే! ఆరాక తోలును మెత్తబరిచే లెదర్ కండిషనర్ పల్చగా రాసి రాత్రంతా వదిలేయండి, చాలకపోతే మర్నాడు ఇంకోసారి. లోతుగా పగిలిన తోలు మాత్రం అతుక్కోదు.