షాపులో రేటు పెరిగితే రైతు చేతికొచ్చేదెంత?

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర మా పొలంలో అప్పు తెచ్చి అయిదు వేల కోళ్ల షెడ్డు వేస్తానంటున్నాడు మా తమ్ముడు. ఇక్కడ షాపుల్లో స్కిన్‌లెస్ రేటు చూసి లాభాలే లాభాలని వాడి లెక్క. నిజంగా రైతుకు అంత మిగులుతుందా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మిగలదమ్మా. మీరు చూసే రేటు మాంసానిది. రెండు కిలోల కోడిని కోసి తోలు తీస్తే చేతికొచ్చేది కిలోంపావు, మహా అయితే ఇంకో వంద గ్రాములు. పైగా ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం మీద పెంచే పద్ధతిలో, కోడే మనది కాదు. పిల్ల, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, చాకిరీ మనవి. పెంచినందుకు కిలోకింతని కూలి ఇస్తారు. రేటు బాగున్నప్పుడు కొందరు కాస్త ఇన్సెంటివ్ కలుపుతారు, అంతే.

నేనూ మా ఆయనా చేవెళ్ల వైపు పద్నాలుగేళ్లు షెడ్డు నడిపాం. చివర్లో మాకు కిలోకి 5 రూపాయలు వచ్చేది. 4,800 కోళ్లు రెండేసి కిలోలు తూగితే బ్యాచ్‌కి 48,000. అందులోంచే కరెంటు బిల్లు, ఊక, షెడ్డులో ఉండే దంపతుల జీతం. ఏడాదికి అయిదు బ్యాచ్‌లు. లిట్టర్, అంటే కోళ్ల కింద పరిచిన ఊకా రెట్టా, ఎత్తాక కూరగాయల రైతులు ట్రాక్టర్ లెక్కన కొనుక్కెళ్లేవారు. చాలాసార్లు మాకు మిగిలింది ఆ ఎరువు డబ్బులే.

2015 మే ఎండలు నేను మర్చిపోలేను. ముప్పై ఎనిమిదో రోజు కోళ్లు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. గోనె పరదాలు తడుపుతూనే ఉన్నాం. కోళ్లు నోళ్లు తెరిచి, రెక్కలు జారేసి, గోడవారకు చేరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చీకటి పడేసరికి 340 పోయాయి. గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం. తిన్న దాణాకు తగ్గ బరువు లేదని ఆ బ్యాచ్ కూలిలో కోత కూడా పడింది.

అయినా ఈ పనిని నేను తక్కువ చేసి మాట్లాడను. దీని మీద బతికేవాళ్లు ఎందరో. కోడి కిలో బరువు పెరగడానికి సుమారు 1.7 కిలోల దాణా తింటుంది. అంటే మా బ్యాచ్ ఒక్కటే 16 టన్నులు తినేది. అందులో సగానికి పైగా మక్కలే. ఎకరాకు 25 క్వింటాళ్లు వేసుకున్నా దగ్గర దగ్గర నాలుగెకరాల పంట, ఒక్క షెడ్డుకి, నలభై అయిదు రోజుల్లో! సోయా, ఊక, లారీలు, చికెన్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు వేరే. 2020లో కరోనా పుకార్లకు జనం చికెన్ మానేస్తే హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి తిని చూపించాల్సి వచ్చింది. ఆ ఏడాది మక్కల ధరా పడిపోయింది.

మీ తమ్ముణ్ణి ముందు యాభై పిల్లలతో మొదలుపెట్టమనండి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకం కోళ్లు పెరటికి సరిపోతాయి. ఒక ఎండాకాలం వాటితో గడిపాక కూడా షెడ్డే కావాలంటే, అగ్రిమెంట్‌లో కోళ్లు చనిపోతే కూలిలో ఎంత కోత పెడతారో, లిఫ్టింగ్ (కంపెనీ వచ్చి కోళ్లను ఎత్తుకెళ్లడం) ఆలస్యమైతే ఎవరు భరిస్తారో చదివి సంతకం పెట్టమనండి. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. మేం రోడ్డు వైపు చూసుకుని ఉత్తర దక్షిణాలుగా కట్టాం. పొద్దు వాలిందంటే ఎండంతా కోళ్ల మీదే పడేది.