ఇన్ కెమెరా విచారణలో కెమెరా ఎక్కడిది?

ప్రశ్న: పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల వార్తల్లో "ఇన్ కెమెరా విచారణ" అని రాస్తారు కదా, అది కెమెరా ముందు రికార్డు చేసే విచారణ అని నాన్న, కెమెరాలు నిషేధించిన విచారణ అని నేను. ఎవరు కరెక్టు? అసలు ఆ పేరెందుకు వచ్చింది?
– లా విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఇద్దరూ కాదమ్మా. ఇక్కడ కెమెరా అంటే గది. ఇన్ కెమెరా అనేది లాటిన్, "గదిలో" అని అర్థం, అంటే అందరూ వచ్చి కూర్చునే కోర్టు హాల్లో కాకుండా జడ్జిగారి గదిలో జరిగేది. ఇప్పుడు హాల్లోనే జనాన్నీ విలేకరుల్నీ బయటికి పంపి విచారించినా అదే పేరు. అత్యాచార కేసుల విచారణ ఇలాగే జరగాలని మన దగ్గర 1983లో చట్టం సవరించారు, పోక్సోలో 37వ సెక్షన్ అదే చెబుతుంది. నిందితుణ్ణి చూసి పిల్లలు భయపడకుండా వీడియో కాన్ఫరెన్స్‌లో సాక్ష్యం తీసుకోవచ్చని దాని ముందున్న 36వ సెక్షన్ ఒప్పుకుంటుంది కాబట్టి, ఇన్ కెమెరా విచారణలో నిజంగా కెమెరా ఉండనూవచ్చు. బయట ఉండాల్సింది జనం, యంత్రం కాదు.

ఇక గదికీ ఫొటోలు తీసే యంత్రానికీ ఒకే పేరు ఎలా వచ్చిందనేది అసలు కథ. గ్రీకులో కమారా అంటే కమాను, కమాను కప్పు. గ్రీసులోని థెస్సలోనికి ఊళ్లో రోమన్ చక్రవర్తి గలేరియస్ కట్టించిన తోరణం ఒకటుంది, దాన్ని ఊరివాళ్లు ఇవాళ్టికీ కమారా అనే పిలుస్తారు. రోమన్లు ఆ మాట తీసుకుని మొదట కమాను కప్పుకీ, తర్వాత ఆ కప్పున్న గదికీ, పోనుపోను ఏ గదికైనా వాడేశారు. అక్కణ్ణుంచి అది యూరప్ అంతా తిరిగింది.

ఫ్రెంచిలో జరిగిన మార్పు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది మన నోటితోనే పరీక్షించి చూసుకోవచ్చు. లాటిన్ కామెరలో మధ్య అచ్చు నలిగిపోయి "కామ్ర" మిగిలింది. మ్ పలికి వెంటనే ర్ అనండి, కాస్త గట్టిగా. పెదాలు విడిపోయే క్షణంలో చిన్న బ్ దానంతట అదే దూరుతుంది, అలా "కాంబ్ర" అయింది. స్పానిష్‌లో మనిషి అనే మాట హోమినెమ్ నుంచి ఓంబ్రే అయినప్పుడు వచ్చిన బ కూడా ఇలాంటిదే. ఆ పైన, "కా"తో మొదలయ్యే లాటిన్ మాటలు పాత ఫ్రెంచిలో "చ"కి మారాయి, కొన్ని శతాబ్దాలకు ఆ చ మెత్తబడి ష అయింది. కోట కాస్తెల్లుమ్ షాతో అయినట్టు, పాడటం కాంతారే షాంతే అయినట్టు మన గది షాంబ్ర్ అయింది. ఇంగ్లిషువాళ్లు మాత్రం దాన్ని ఫ్రెంచివాళ్లు ఇంకా చ పలుకుతున్న రోజుల్లోనే తీసేసుకున్నారు, అందుకే వాళ్ల ఛాంబర్‌లో ఆ పాత చ చెక్కుచెదరకుండా ఉంది. ఫిల్మ్ ఛాంబర్, ఛాంబర్ ఆఫ్ కామర్స్, జడ్జిగారి ఛాంబర్ అని మనం రోజూ అనేది ఇదే. ఛాంబర్, కెమెరా ఒకే మాట!

మరి యంత్రం? మిట్టమధ్యాహ్నం గది తలుపులన్నీ మూసి, కిటికీకి నల్లగుడ్డ కట్టి, దానికి బఠాణీగింజంత బెజ్జం పెడితే ఎదురు గోడ మీద వీధి మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది, మనుషులు నడుస్తుంటే బొమ్మ కూడా నడుస్తుంది. (ఇంట్లో పిల్లలుంటే తప్పకుండా చేసి చూపించండి.) ఈ విద్య పాతదే, 11వ శతాబ్దంలో అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ దీన్ని చక్కగా వివరించాడు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604లో వేసిన పుస్తకంలో దీన్ని కామెర ఆబ్‌స్క్యూర, అంటే చీకటి గది, అన్నాడు. తర్వాత గది కాస్తా మోసుకెళ్లగలిగే పెట్టెగా చిన్నదైంది, చిత్రకారులు అందులో పడ్డ బొమ్మ మీద గీతలు గీసుకునేవారు. 1820ల్లో ఫ్రాన్స్‌లో నియెప్స్ ఆ బొమ్మను రసాయనాలతో పలక మీద నిలబెట్టాడు, 1839లో దగేర్ అనే ఆయన ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసింది. చీకటి అన్న మాట జారిపోయి గది అన్న మాట మిగిలింది. ఇప్పుడు మన జేబులో ఫోన్ వెనక ఉన్నది, పేరు ప్రకారం, గదే.

ఇటలీవాళ్లకి కామెరా అంటే ఇప్పటికీ గదే, హోటల్లో కామెరా ఉందా అని అడిగితే రూమ్ చూపిస్తారు. వాళ్ల పార్లమెంటు దిగువ సభ పేరు కూడా కామెరాయే. రష్యన్‌లో కామెరా అంటే జైలు గది కూడా. జర్మన్లు రెండుసార్లు తీసుకున్నారు, పాతకాలంలో గదికి కమ్మర్, ఆధునిక కాలంలో యంత్రానికి కామెరా. ఆక్స్‌ఫర్డ్‌లో రాడ్‌క్లిఫ్ కెమెరా అని 18వ శతాబ్దపు గుండ్రటి భవనం ఉంది, అక్కడ చదువుతున్న మన పిల్లలకు బాగా తెలుసు, అది లైబ్రరీ.

ప్రశ్న: కామ్రేడ్ అన్న మాట కూడా దీన్నుంచే వచ్చిందని ఎవరో అన్నారు. నిజమేనా? మన కమ్రా కూడానా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: రెండూ నిజమేనండీ. స్పానిష్‌లో గది కామర. ఒకే గదిలో ఉండే సైనికుల గుంపును కామరాద అనేవారు, తర్వాత ఆ గుంపులో ఒక్కణ్ణి కూడా అలాగే అన్నారు. 16వ శతాబ్దంలో అది ఫ్రెంచికీ ఇంగ్లిషుకీ వెళ్లి, సోషలిస్టుల పిలుపుగా మారింది 19వ శతాబ్దంలో. అంటే కామ్రేడ్ అంటే మొదట రూమ్మేటే. తెలుగు నేల మీద ఈ మాటకున్న బరువు తెలిసినవాళ్లకి ఈ పుట్టుక చిన్నబుచ్చేదేమీ కాదు, ఒకే కప్పు కింద పడుకున్నవాళ్లనే కదా ముందు నమ్ముకునేది.

కమ్రా మటుకు వేరే దారిన వచ్చింది. పోర్చుగీసువాళ్ల కామర హిందీ ఉర్దూల్లో కమ్రా అయింది, హైదరాబాదులో రోజూ వినపడేది అదే. పోర్చుగీసు ఓడల్లోనే మనకు ఇంకొన్ని లాటిన్ మాటలు దిగాయి. గురువు అనే అర్థమున్న మాగిస్తెర్ వాళ్ల నోట మెస్త్రె అయి, మన దగ్గర ఇల్లు కట్టే మేస్త్రీ అయ్యాడు. ఆయుధాలు దాచే అర్మారియుమ్ బట్టలు పెట్టుకునే అలమార అయింది.