‘సెట్’కు తెలుగేమిటని అడగకు

హైదరాబాద్

తమ్ముడూ,

నీ అనువాద కథ రెండుసార్లు చదివాను. నడక బాగుంది. కానీ ఇంగ్లీషు ‘సెట్’ కనిపించిన చోటల్లా ‘అమర్చు’ అని రాశావు. దానివల్ల మంచి వాక్యాలు కూడా బిగుసుకుపోయాయి.

1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకున్న మాట ఇదే. క్రియగానే నాలుగు వందలకు పైగా అర్థాలు. వాటన్నిటికీ ఒక్క తెలుగు మాట వెతికితే దొరకదు. పక్కనున్న నామాన్ని చూడు, దానికి మన ఇళ్లలో ఏ క్రియ అలవాటో గుర్తు చేసుకో. ఇంగ్లీషులో ‘సెట్’ అనే చోట మనకు పొద్దు గూకుతుంది. పెరుగు తోడుకుంటుంది. ఉచ్చు పన్నుతాం. లాడ్ బజార్‌లో గాజులకు రాళ్లు పొదుగుతారు. ఏదీ తోచకపోతే ముందు ‘పెట్టు’ వేసి చూడు: నిప్పు, ముహూర్తం, అలారం, పందెం అన్నీ దానికి ఒదుగుతాయి. ‘సెట్’ పుట్టిందే ‘కూర్చోబెట్టు’ అనే అర్థంలో కాబట్టి ఈ దారి చాలాసార్లు పనిచేస్తుంది.

గుంపు అనే అర్థంలో వచ్చే ‘సెట్’ వేరు. అది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. లెక్కల్లో అది సమితి, ఇంట్లో సోఫా సెట్టు. సోఫాకు సంస్కృతం తగిలించకు.

నీ మేస్త్రీ సన్నివేశంలో ‘సిమెంటు గట్టిపడింది’ అన్నావు. అక్కడ జాగ్రత్త. సెట్ అవడమంటే కలిపిన సిమెంటు మాలు బిగుసుకోవడం, కరణెకు (తాపీకి) లొంగకపోవడం. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుకాకూడదు, 600 నిమిషాల్లో పూర్తికావాలి. గట్టిపడటం ఆ తర్వాత రోజుల తరబడి సాగుతుంది, బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తారు. నీ మేస్త్రీ గంటలో చూసింది బిగుసుకోవడాన్నే.

కాలం దగ్గర కూడా జారావు. ఈ క్రియకు భూతకాల రూపం మారదు. ‘షీ సెట్’ అని ఉండి చివర ‘స్’ లేకపోతే, జరిగిపోయిన పని. నువ్వు మూడుచోట్ల ‘పెడుతుంది’ అని రాశావు, ‘పెట్టింది’ కావాలి.

తర్వాత వచ్చే చిన్న మాటను వదలకు. డబ్బును ‘సెట్ అసైడ్’ చేస్తే పక్కన పెట్టినట్టే. హైకోర్టు కింది కోర్టు తీర్పును అలా చేస్తే కొట్టేసినట్టు. నువ్వు పక్కన పెట్టించావు, దాంతో ముద్దాయి విడుదలైన సంగతే పాఠకుడికి అందలేదు. చలి ‘సెట్ ఇన్’ అయితే చలి పట్టుకుంది. ‘హైదరాబాద్‌లో సెట్ చేయబడిన కథ’ అనకు, ‘1908 మూసీ వరదల నాటి హైదరాబాద్ కథ’ అను.

సంభాషణల్లో మాత్రం చెయ్యి పెట్టకు. అమీర్‌పేట కుర్రాడు ‘జాబ్ సెట్టయింది అన్నా’ అంటే అదే అతని తెలుగు, అలాగే ఉంచు.

కోర్టు పేజీలు ముందు దిద్ది పంపు. మిగతావి ఆదివారం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్న