పాలపళ్ల గుర్రాల పందెం

మీ ప్రశ్నలు - గుర్రాల డాక్టరు జవాబులు

2026 అక్టోబరు చివర్లో బ్రీడర్స్ కప్, అంటే ఏటా రెండు రోజులు జరిగే పెద్ద గుర్రప్పందేల పండుగ, మళ్లీ కెంటకీకి, లెక్సింగ్టన్ పక్కనున్న కీన్‌లాండ్ ట్రాక్‌కి వస్తోంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. అందులోనూ ఎక్కువమంది శుక్రవారం జరిగే జువెనైల్ పందెం గురించి అడిగారు. ఈ చుట్టుపక్కల ఫారాల్లో ఇరవయ్యేళ్లుగా గుర్రాలకి వైద్యం చేస్తున్నాను. నాకు చాలా ఇష్టమైన పందెం ఇదే.

*ప్రశ్న: సిన్సినాటి నుంచి పిల్లలతో కలిసి వస్తున్నామండీ. గుర్రప్పందెం చూడటం మాకిదే మొదటిసారి. జువెనైల్ అంటే ఏమిటి? అక్కడ ఏం చూడాలి? రెండు నిమిషాల్లో అయిపోతుందట కదా!*

రెండు నిమిషాలు కూడా పట్టదండీ. కానీ మీరు ఓ గంట ముందే వెళ్లండి, అసలు చూడాల్సింది అప్పుడే ఉంటుంది.

ఇది రెండేళ్ల థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) మగ గుర్రాల పందెం. బీజం తీసినవి కూడా పరిగెత్తవచ్చు. ఆడపిల్లలకి అదే రోజు వేరే పందెం ఉంటుంది. 1984లో కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్క్‌లో మొదటిసారి జరిగితే చీఫ్స్ క్రౌన్ గెలిచింది. దూరం మైలు మీద మరో పదహారో వంతు, అంటే సుమారు 1,710 మీటర్లు. మట్టి ట్రాక్. పందెం మొదలయ్యే గేటులోకి 14 గుర్రాలకి మించి రానివ్వరు. జాకీ, జీను అన్నీ కలిపి ఒక్కో గుర్రం మోసే బరువు 122 పౌండ్లు, మన లెక్కలో 55 కిలోలు.

జీను కట్టే చోటుని పాడక్ అంటారు. పిల్లల్ని ముందు అక్కడికి తీసుకెళ్లి, గుర్రాల నోళ్ల వంక చూడమనండి. కళ్ళేన్ని నములుతూ, తల విదిలిస్తూ చిరాకు పడేవి ఒకటో రెండో కనిపిస్తాయి. అది పొగరు కాదు. గుర్రానికి ముందు పాలపళ్లు రెండున్నరేళ్ల వయసులో ఊడతాయి. వసంతంలో పుట్టిన పిల్లకి సరిగ్గా ఈ పందెం వేళకే చిగుళ్లు సలుపుతుంటాయి. నేను పెదవి పైకెత్తి చూస్తే కొన్నిట్లో కొత్త పన్ను సగం బయటికొచ్చి ఉంటుంది, పక్కన చిన్న పాలపన్ను ఇంకా అలాగే ఉంటుంది. ఆ నోటితోనే అది ఇరవై లక్షల డాలర్ల పందెంలో దిగుతుంది. మీ చిన్నవాడికి ఈ మధ్యే పన్ను ఊడి ఉంటే ఆ సంగతి చెప్పండి, ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆ గుర్రం వాడిదైపోతుంది.

తర్వాత గేటు. 2019లో శాంటా అనీటాలో డెనిసెస్ మొమెంట్ అనే గుర్రం మీద అందరికీ చాలా ఆశలుండేవి. గేటు తెరుచుకోగానే ముందుకు తూలింది, మళ్లీ కోలుకోలేక అన్నిటికంటే చివర వచ్చింది. పెద్ద గుర్రాలకి గేటు అలవాటైపోయి ఉంటుంది. వీటిలో చాలావాటికి ఇది జీవితంలో మూడో పందెమో, నాలుగోదో. వేసవిలో పరిగెత్తినవన్నీ దాదాపుగా పొట్టి పందేలే, ఒక్క మలుపుతో అయిపోయేవి. ఇక్కడ రెండు మలుపులు. పైగా ముందున్న గుర్రాల గిట్టల నుంచి లేచే మట్టి ముఖం మీద చెళ్లున కొడుతుంది. మొదటి మలుపు దగ్గర బైనాక్యులర్స్‌తో ఆ గుర్రాల చెవులు చూడండి. మట్టి తగలగానే తల పైకెత్తి వెనక్కి తగ్గేవి కొన్ని, తల వంచి అందులోంచే దూసుకుపోయేవి కొన్ని.

ఆ తేడా చూడాలంటే 1991 జువెనైల్ వీడియో వెతికి చూడండి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన అరాజీ అంతకుముందు మట్టి మీద పందెం ఆడింది లేదు. చర్చిల్ డౌన్స్‌లో బాగా వెనక నుంచి బయల్దేరి, గుర్రాల మధ్య సందులు వెతుక్కుంటూ ఒక్కొక్కదాన్నీ దాటేసి, చివరికి దాదాపు అయిదు గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ ఆ మలుపు దగ్గరికి రాగానే నా ఒళ్లు జలదరిస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి. కీన్‌లాండ్‌లో ఈ దూరం పందేలకి ముగింపు గీత వేరు. మామూలు గీతకంటే మైలులో పదహారో వంతు ముందే పందెం అయిపోతుంది. చివరి మలుపు తిరిగాక మిగిలే దారి చిన్నది. కాబట్టి వెనకబడ్డ గుర్రం మలుపులోనే అందుకోవాలి, తర్వాత టైమ్ ఉండదు. మీరూ మామూలు గీత ఎదురుగా కూర్చుంటే అసలు క్షణం అక్కడికి కాస్త ఇవతలే జరిగిపోతుంది. టికెట్ కొనేటప్పుడే చూసుకోండి.

*ప్రశ్న: ఆంటీ, నాకు పదమూడేళ్లు. డాలస్‌లో గుర్రపుస్వారీ నేర్చుకుంటున్నాను. మా టీచర్ మూడేళ్లు దాటేదాకా గుర్రం మీద ఎవర్నీ ఎక్కనివ్వరు. మరి రెండేళ్లకే అంత వేగంగా పరిగెత్తించడం పాపం కాదా?*

తల్లీ, ఈ ప్రశ్న నేను ఈ పనిలో చేరిన రోజు నుంచీ వేసుకుంటున్నాను. నీకు నిజమే చెబుతాను.

ముందు వయసు సంగతి. ఇక్కడి థరోబ్రెడ్‌లన్నిటికీ పుట్టినరోజు లెక్కప్రకారం జనవరి 1. ఫిబ్రవరిలో పుట్టినదీ మే నెలాఖరుకి పుట్టినదీ కాగితం మీద ఒకటే వయసు. జువెనైల్‌లో పక్కపక్కనే నిలబడ్డ రెంటికి మూడు నెలలు తేడా ఉండొచ్చు. ఆ వయసులో మూడు నెలలంటే చాలా ఎక్కువ. ముంగాలి మోకాలికి పైనున్న ఎముక కొసన ఎదిగే భాగం పూర్తిగా గట్టిపడటానికి రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. అందుకే మంచి ట్రైనర్లు వేగం పెంచే ముందు మోకాళ్లకి ఎక్స్‌రే తీయిస్తారు. ఆ ఎదిగే భాగం ఎక్స్‌రేలో ఇంకా గీతలా తెరిచే ఉంటే ఆగుతారు.

కదలకుండా శాలలో నిలబెట్టినా ఎముక గట్టిపడదు. అది తన మీద పడే పనిని బట్టి తనని తాను కట్టుకుంటుంది. వారానికి ఒకట్రెండుసార్లు, కొద్ది దూరం, కాస్త వేగంగా పరిగెత్తిస్తే మోకాలి కింద పొడుగు ఎముక ముందువైపు మందమవుతుంది. రెండేళ్లకే పందేలు మొదలుపెట్టినవి సగటున ఎక్కువకాలం పరిగెత్తాయని పరిశోధనల్లో కనబడింది. అయితే బలహీనమైనవి ఆ వయసులో అసలు పందెం దాకా రావు కదా, కాబట్టి ఆ లెక్కని చూపించి ఎవరైనా తొందరపెడితే నేను ఒప్పుకోను.

పాపం వచ్చేది ఆ తొందరలోనే. చాలా ఏళ్ల కింద ఒక ఫారంలో ఒక గోధుమరంగు పిల్లని చూడమన్నారు. ముంగాలి ఎముక మీద అరచేయి పెట్టి మెల్లగా కిందికి నిమిరాను. కుడికాలు చల్లగా ఉంది. ఎడమకాలు మధ్యకి వచ్చేసరికి గోరువెచ్చగా తగిలింది, వేలితో కొంచెం నొక్కగానే కాలు పైకి లాక్కుంది. నడకలో కుంటు లేదు. పందెం పది రోజుల్లో ఉంది. రెండు నెలలు ఆపమన్నాను. యజమాని కోపంతో ఇంకో డాక్టర్ని పిలిపించి పరిగెత్తించారు. ఆ ఎముక చిట్లింది. ప్రాణం దక్కింది గానీ మళ్లీ ఎప్పుడూ పరిగెత్తలేదు. ఇంకా గట్టిగా ఎందుకు పోట్లాడలేదా అని ఆ గుర్రం గుర్తొచ్చినప్పుడల్లా అనిపిస్తుంది. ఇప్పుడు పోట్లాడుతున్నాను.

మార్పులూ వచ్చాయమ్మా. పందెం రోజున లాసిక్స్ (ఊపిరితిత్తుల్లో రక్తం కారకుండా ఇచ్చే మందు) ఇంజెక్షన్ ఇవ్వడం బ్రీడర్స్ కప్ రెండేళ్ల గుర్రాలకి 2020లోనే ఆపేశారు. 2022 నుంచి దేశమంతటికీ దాదాపు ఒకే భద్రతా నియమాలు వచ్చాయి, జాకీ కొరడా ఆరు దెబ్బలు మించకూడదు. ప్రమాదమే లేదని మాత్రం నీకు చెప్పను. మీ టీచర్ గారు చేస్తున్నది మంచి పని, స్వారీ గుర్రానికి తొందరేమీ లేదు.

*ప్రశ్న: మేడమ్, జువెనైల్ గెలిచిన గుర్రం మర్నాడు మే నెలలో కెంటకీ డెర్బీ కూడా గెలుస్తుందని మా ఆఫీసులో ఒకాయన ఢంకా బజాయించి చెబుతున్నాడు. నిజమేనా?*

మర్నాడు కాదులెండి, మరుసటి ఏడు. ఇప్పటికి రెండంటే రెండే గుర్రాలు ఆ పని చేశాయి. 2006లో స్ట్రీట్ సెన్స్ పది గుర్రాల నిడివి తేడాతో జువెనైల్ గెలిచి 2007లో డెర్బీ గెలిచింది. 2015లో ఇక్కడే కీన్‌లాండ్‌లో గెలిచిన నైక్విస్ట్ 2016లో గెలిచింది. అరాజీకి జువెనైల్ అయ్యాక రెండు మోకాళ్లకీ ఆపరేషన్ చేశారు, డెర్బీలో ఎనిమిదోది. 2023లో ఫియర్స్‌నెస్ ఆరు నిడివులకి పైగా తేడాతో గెలిచింది, మరుసటి ఏడు డెర్బీలో అందరూ దానిమీదే ఆశ పెట్టుకుంటే పదిహేనో స్థానంలో వచ్చింది. 2022లో గెలిచిన ఫోర్టే సంగతి మరీ బాధ. గిట్టకి దెబ్బ తగిలిందని డెర్బీ రోజు పొద్దున్నే డాక్టర్లు ఆపేశారు. ఆ ఆపడం సరైన పనే.

ఇందులో వింతేమీ లేదు. ఆ ఆరు నెలల్లో గుర్రం ఎత్తు పెరుగుతుంది, ఒళ్లు చేస్తుంది, నడక మారుతుంది. డెర్బీ దూరం కూడా మైలుంబావు. జువెనైల్‌లో ముందున్నది మే నాటికి అక్కడే ఆగిపోవచ్చు, వెనకున్నది దాన్ని దాటిపోవచ్చు. 2018లో డెర్బీతో పాటు ట్రిపుల్ క్రౌన్ (మూడేళ్ల గుర్రాల మూడు పెద్ద పందేలు) మొత్తం గెలిచిన జస్టిఫై రెండేళ్ల వయసులో ఒక్క పందెం కూడా ఆడలేదు. జువెనైల్‌ని డెర్బీకి జాతకంలా చూడొద్దని మీ ఆఫీసాయనకి చెప్పండి. ఆ రోజు ఆ పిల్లలు చేసింది ఆ రోజుకే గొప్ప.

*ప్రశ్న: డాక్టర్ గారూ, ఏ గుర్రం మీద డబ్బు పెట్టమంటారు?*

డబ్బు సంగతి నేను చెప్పనండీ. 2019లో ఒకటికి నలభై అయిదు చొప్పున పలికిన స్టార్మ్ ద కోర్ట్ గెలిచింది, ముందుగా ఎవరూ అనుకోలేదు. గుర్రాలతో కాస్త పరిచయం కావాలంటే మాత్రం అక్టోబరు మొదట్లో కీన్‌లాండ్‌లోనే రెండేళ్ల గుర్రాలకి జరిగే బ్రీడర్స్ ఫ్యూచరిటీ పందెం చూడండి. 2020లో ఎసెన్షియల్ క్వాలిటీ, 2022లో ఫోర్టే ముందు అది గెలిచి, తర్వాత అదే ట్రాక్ మీద జువెనైల్ గెలిచాయి. న్యూయార్క్ వైపు షాంపేన్ స్టేక్స్, కాలిఫోర్నియాలో అమెరికన్ ఫారో స్టేక్స్ కూడా ఆ రోజుల్లోనే ఉంటాయి. పందెం అయ్యాక గుర్రం ఊపిరి ఎంతసేపట్లో కుదుటపడుతుందో, చెవులు మళ్లీ ఎప్పుడు ముందుకు తిరుగుతాయో గమనించండి. నేను చూసేది అదే.